శంషాబాదు చిట్టా: గ్రాఫిక్స్ కార్డుల వదంతుల్లో మన పద్దు

వదంతికి ఊరూ పేరూ ఉండవంటారు. గ్రాఫిక్స్ కార్డుల లోకంలో పుట్టిన వదంతులకు మాత్రం కొన్నేళ్ళపాటు స్పష్టమైన చిరునామా ఒకటుండేది. అది శంషాబాదు విమానాశ్రయపు సరుకుల విభాగం. కెనడా నుండి పంపిన నమూనా బోర్డు ఒకటి అక్కడ దిగేది. కస్టమ్స్ వారి చిట్టాలో దాని వివరం ఒక పంక్తిగా నమోదయ్యేది. ఆ పంక్తిని ఐరోపాలోనో అమెరికాలోనో ఎవరో పట్టుకునేవారు. మర్నాటికల్లా అది "రాబోయే కార్డు" అనే వార్తగా మారి, లోకమంతా తిరిగి, ఆదిలాబాదులో పెళ్ళి వీడియోలకు మిక్సింగు చేసుకునే కుర్రవాడి దాకా వచ్చి, "ఇప్పుడు కొనకు, కొన్నాళ్ళు ఆగు" అని చెవిలో చెప్పేది. మూడు వందల కిలోమీటర్ల దూరంలో దిగిన పెట్టె కబురు భూగోళాన్ని చుట్టి మనకు చేరడం అన్నమాట!

ఇది ఎలా సాధ్యమైందో కొంచెం వివరంగా చూడాలి. విదేశం నుండి సరుకు తెప్పించుకున్నవారు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి. అందులో సరుకు వర్ణన, సంఖ్య, పంపిన దేశం, దిగిన చోటు, రూపాయల్లో విలువ ఉంటాయి. మన కస్టమ్స్ శాఖ ఈ వివరాలను, దిగుమతిదారు పేరు తొలగించి, రోజువారీ జాబితాలుగా వెల్లడించేది. ఏ సరుకు ఏ ధరకు వస్తున్నదో వ్యాపారులు పోల్చి చూసుకోవడానికి పనికివచ్చే వివరాలవి. జౌబా అనే భారతీయ వెబ్‌సైటు వాటిని పోగుచేసి, ఎవరైనా వెతుక్కునేట్టు పెట్టింది. పత్తి గింజలు, మందుల ముడిసరుకు, యంత్రభాగాల నడుమ కంప్యూటర్ విడిభాగాలకు వర్తించే 8473 శీర్షిక కింద ఈ బోర్డులు కనిపించేవి. ఏఎండీ సంస్థకు ఏటీఐ రోజుల నుండే హైదరాబాదులో డిజైను కేంద్రం ఉంది. అక్కడి ఇంజనీర్లకు పరీక్షల కోసం నమూనాలు రావాలి కదా! ఎన్‌విడియా నమూనాలుగా జనం గుర్తించిన పద్దులు ఎక్కువగా బెంగుళూరు పేరుతో ఉండేవి.

దిగుమతిదారు పేరు లేకపోయినా గుర్తుపట్టడం కష్టమయ్యేది కాదు. వర్ణన గడిలో "వ్యక్తిగత కంప్యూటరు వీడియో కార్డు" అన్న మాటల పక్కన భాగపు సంఖ్య ఉండేది. 102 తో మొదలై, నడుమ సీ అనే అక్షరంతో నడిచే ఆ సంఖ్యల వరుస ఏఎండీ వారిదని తెలిసినవారికి తెలుసు. ఒక్కోసారి చిప్పు రహస్యనామం కూడా గుమాస్తా చేతి చలువతో అక్కడికెక్కేది. ఫిజీ ఎక్స్‌టీ, బాఫిన్ ఎక్స్‌టీ వంటి పేర్లు లోకానికి తెలిసిన దారుల్లో ఇదొకటి. కోట్ల డాలర్ల వ్యాపార రహస్యాన్ని కాపాడుకునే సంస్థ, సుంకం కాగితం నింపేటప్పుడు నిజం చెప్పక తప్పదు. ఇందులోని విచిత్రం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అసలు చిక్కు విలువ గడితో వచ్చింది. నమూనా బోర్డుకు వేసిన రూపాయల విలువను డాలర్లలోకి మార్చి, ఇదే రేపటి అమ్మకపు ధర అని ఊహించిన వార్తలు ఎన్నో వచ్చాయి. ఆ పద్దుల్లో చాలావాటి చివర "ఎఫ్‌ఓసీ" అని ఉండేది, అంటే ఉచితంగా పంపినది. అది సుంకం లెక్కకోసం చూపిన విలువ మాత్రమే. అంగడి ధరతో దానికి చుట్టరికం లేదు. ఫిజీ విషయమే చూడండి. 2014 చివరి నుండి దాని చుట్టూ ఆశలల్లారు. ఎనిమిది గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉంటుందన్నారు. 2015 జూన్‌లో ఫ్యూరీ ఎక్స్ పేరుతో వచ్చిన కార్డుకు 649 డాలర్ల ధర, నాలుగు గిగాబైట్ల హెచ్‌బీఎం మాత్రమే ఉన్నాయి. మొదటి తరం హెచ్‌బీఎంలో ఒక్కో దొంతరకు ఒక గిగాబైటే పడుతుంది. చిప్పు పక్కన ఉన్నవి నాలుగు దొంతరలు. చిట్టా అబద్ధం చెప్పలేదు, చదివినవారు దానిచేత చెప్పించారు.

అయితే ఈ ఎదురుచూపుల చరిత్ర శంషాబాదుతో మొదలవలేదు. 1996లో వూడూ కార్డుతో ఆటల ప్రపంచాన్ని ఏలిన త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ కథ దీనికి ఆదిపర్వం. 1999 నవంబరులో ఆ సంస్థ తన కొత్త చిప్పును ప్రకటించింది. వూడూ 5 అంగట్లోకి వచ్చేసరికి 2000 జూన్ అయింది. ఈలోగా ఎన్‌విడియా జీఫోర్స్ 2 వచ్చేసింది. నాలుగు చిప్పులు, విడిగా కరెంటు డబ్బా అవసరమైన వూడూ 5 6000 కోసం అభిమానులు కాచుకుని కూర్చున్నారు. అది అమ్మకానికి రానేలేదు. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్ముకుంటున్నట్టు ప్రకటించింది. ఫిన్లాండుకు చెందిన బిట్‌బాయ్స్ వారి గ్లేజ్ 3డీ మరీ విడ్డూరం. దాని శక్తిసామర్థ్యాల లెక్కలు లోకమంతా చదివింది, కార్డును మాత్రం కొన్నవాడు లేడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

వదంతి తక్కువ చెప్పిన సందర్భమూ ఉంది. అది 2008. ఏఎండీ వారి ఆర్‌వీ770 చిప్పులో 480 గణన విభాగాలుంటాయని లోకం నమ్మింది. తీరా చూస్తే 800 ఉన్నాయి. 299 డాలర్ల హెచ్‌డీ 4870 దెబ్బకు, కొద్ది వారాల క్రితమే 649 డాలర్లకు విడుదలైన జీటీఎక్స్ 280 ధరను ఎన్‌విడియా 499కి దించవలసి వచ్చింది. ఆ మధ్య రోజుల్లో తొందరపడి కొన్నవాడు 150 డాలర్లు పోగొట్టుకున్నట్టే. మరుసటి ఏడు సెప్టెంబరులో ఎన్‌విడియా అధిపతి జెన్‌సన్ హువాంగ్ వేదిక మీద ఫెర్మీ కార్డును ఎత్తి చూపారు. అది ఉత్తుత్తి నమూనా అని కొద్ది రోజులకే బయటపడింది. దానికి బిగించిన కొయ్య మరలు చాలాకాలం హాస్యవస్తువులయ్యాయి. అసలు కార్డు 2010 మార్చిలో వచ్చింది.

ఇక మా ఆదిలాబాదు సంగతి. ఆగడం, ఆశపడడం ఇక్కడివారికి కొత్త విద్య కాదు. ఇది పత్తి సీమ. దీపావళి దాటి మార్కెట్టు యార్డుకు పత్తి వచ్చే వేళకు, సంక్రాంతి తర్వాత ధర పెరుగుతుందట అన్న మాట గాలిలో తిరుగుతూనే ఉంటుంది. నమ్మినవారు పత్తిని ఇంట్లోనే కుప్పపోసి ఉంచుతారు. రోజులు గడిచేకొద్దీ తేమ ఆరి తూకం తగ్గుతుంది, అప్పు మీద మిత్తి పెరుగుతుంది. 2011 మార్చిలో ప్రపంచ విపణిలో పత్తి పౌను రెండు డాలర్లు దాటింది. ఆ ఏడాది ముగిసేలోగా సగానికి పడిపోయింది. రైతు ధర పెరుగుతుందని ఆగుతాడు, కార్డు కొనేవాడు ధర తగ్గుతుందని ఆగుతాడు. ఇద్దరికీ కబురు చెప్పేవాడు మాత్రం నష్టంలో పాలుపంచుకోడు.

ఇక్కడ గ్రాఫిక్స్ కార్డు కొనేవారందరూ ఆటల పిల్లలే అనుకోకూడదు. పెళ్ళిళ్ళ ముహూర్తాల మీద బతికే ఫోటో స్టూడియోలవారికి అది పనిముట్టు. మాఘంలో తీసిన వీడియో వైశాఖం లోపల చేతికివ్వాలి. 2010లో వచ్చిన అడోబీ ప్రీమియర్ సీఎస్5, ఎన్‌విడియా కార్డుల్లోని కుడా సౌకర్యం ఉంటే దృశ్యాలను ఆగకుండా ఆడించేది. ఏఎండీ కార్డుకు ఆ భాగ్యం లేదు. కనుక రాబోయే రేడియాన్ ఎంత గొప్పదైనా, ఆ సాఫ్ట్‌వేరు నమ్ముకున్నవాడికి ఆ వదంతితో నిమిత్తం లేదు. ఇంత చిన్న సంగతిని చెప్పే వదంతివార్త నాకు ఒక్కటీ కనబడలేదు. అంతకు ముందు 2004లో మదర్‌బోర్డులు ఏజీపీ నుండి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు మారినప్పుడూ ఇదే అవస్థ. జీఫోర్స్ 6600 జీటీ మొదట కొత్త రూపంలోనే వచ్చింది. పాత బోర్డులకు సరిపోయేది తర్వాత వచ్చింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు రాత్రి బస్సులో వెళ్ళి, తప్పు రకం కార్డు తెచ్చుకుంటే, మళ్ళీ నిర్మల్ ఘాటు దిగి వెళ్ళవలసిందే. ఒక రోజు పని, రానుపోను చార్జీలు, దుకాణదారుతో వాదన. ఇవేవీ అంతర్జాలపు పట్టికలలోకి ఎక్కవు.

తెలుగువారికి ఈ ఆశ మరింత దగ్గరగా వచ్చింది 2017లో. కొవ్వూరుకు చెందిన రాజా కోడూరి అప్పుడు ఏఎండీ రేడియాన్ విభాగానికి అధిపతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, ఖరగ్‌పూర్ ఐఐటీలోనూ చదివి, ఎస్3, ఏటీఐ, యాపిల్ సంస్థలలో పనిచేసి వచ్చినవారు. దర్శకుడు రాజమౌళికి బంధువు. బాహుబలి కథాలోకం మీద తీసిన వర్చువల్ రియాలిటీ చిత్రానికి ఏఎండీ చేయూతనిచ్చింది కూడా. ఆయన వేగా చిప్పు మీద ఆశలు ఆకాశాన్నంటాయి. జనవరిలో సంస్థే "పాపం వోల్టా" అని ప్రత్యర్థిని వెక్కిరించే మాటను ప్రచారచిత్రంలో దూర్చి నిప్పు రాజేసింది. ఆగస్టులో వచ్చిన వేగా 64, ఏడాది పైబడి అమ్ముడవుతున్న జీటీఎక్స్ 1080కి ఇంచుమించు సమానంగా నిలిచింది. అయితే దానికి 180 వాట్లు చాలగా, దీనికి 295 వాట్లు కావలసి వచ్చింది. చెడ్డ కార్డు కాదు. ఎనిమిది నెలలు పెంచిన ఊహతో పోల్చినందువల్ల చిన్నబోయింది. నవంబరులో కోడూరి ఇంటెల్‌కు మారారు. అక్కడి ఆర్క్ కార్డుల మీద మరో అయిదేళ్ళ ఎదురుచూపు నడిచింది. ఏ770 2022 అక్టోబరులో వచ్చింది, ఆయన 2023 మార్చిలో ఇంటెల్‌ను వీడారు.

శంషాబాదు చిట్టా అప్పటికే మూతబడింది. రోజువారీ దిగుమతుల జాబితాలను వెల్లడించే పద్ధతిని కస్టమ్స్ శాఖ 2016 చివర ఆపివేసింది. కార్డుల పుకార్ల కోసం ఆపారని ఎవరూ అనుకోనక్కరలేదు. తమ సరుకు వివరాలు పోటీదారుల కంట పడకూడదని కోరుకునే వ్యాపారులకు అది ఊరట. వేగా నాటి వదంతులు పరీక్షా ఫలితాల పట్టికల్లో దొరికిన 687ఎఫ్:సీ1 అనే గుర్తుసంఖ్య మీద బతకవలసి వచ్చింది. ఇటీవలి సంవత్సరాలలో ఎన్‌బీడీ అనే విదేశీ రవాణా వివరాల సేవ నుండి మళ్ళీ అటువంటి పద్దులే బయటికి వస్తున్నాయి. వర్ణన గడిని చదివేవారూ ఉన్నారు, విలువ గడిని డాలర్లలోకి మార్చేవారూ ఉన్నారు.