ప్లేయర్స్ లీగ్ (1890): ఒక్క సీజన్‌తో ముగిసిన ఆటగాళ్ల లీగ్

అమెరికాలో 1890లో బేస్‌బాల్ ఆటగాళ్లు క్లబ్బు యజమానులను కాదని, తమ సొంత లీగ్ పెట్టుకున్నారు. అది ఒక్క ఏడాదే నడిచింది. సంఘాలు నడుపుకొనే మనవాళ్లకు పనికొచ్చే చరిత్ర కనుక వివరాలు ఇక్కడ ఇస్తున్నాము.

నేపథ్యం: 1876లో మొదలైన నేషనల్ లీగ్ 1879లో 'రిజర్వ్' నిబంధన తెచ్చింది. క్లబ్బుకు ఐదుగురితో మొదలై, తర్వాత దాదాపు అందరికీ వర్తించింది. ఒప్పందం గడువు తీరినా ఆటగాడు మరో క్లబ్బుకు వెళ్లకూడదు. క్లబ్బు మాత్రం పది రోజుల నోటీసుతో అతణ్ని తీసేయవచ్చు. 1885లో న్యూయార్క్ ఆటగాళ్లు 'బ్రదర్‌హుడ్' అనే సంఘం పెట్టుకున్నారు. న్యాయశాస్త్రం చదివిన జాన్ మాంట్‌గోమరీ వార్డ్ దాని అధ్యక్షుడు. 1888 చివర్లో యజమానులు ఆటగాళ్లను ఐదు తరగతులు చేసి, జీతం 1,500 నుంచి 2,500 డాలర్ల మధ్య కట్టడి చేశారు. తరగతి నిర్ణయానికి ఆటతోపాటు నడవడికనూ లెక్కలోకి తీసుకున్నారు. 1889 నవంబరులో బ్రదర్‌హుడ్ వేరు లీగ్ ప్రకటించింది.

నిర్వహణ: ఎనిమిది నగరాల్లో జట్లు ఏర్పడ్డాయి. పెట్టుబడి ఎక్కువగా బయటి ధనవంతులది. పాలక మండలిలో 16 మంది: ప్రతి జట్టు నుంచి ఆటగాళ్లు ఎన్నుకున్న ఒకరు, పెట్టుబడిదారులు ఎన్నుకున్న ఒకరు. రిజర్వ్ నిబంధన, తరగతులు రెండూ ఎత్తేశారు.

సీజన్: వార్డ్‌ను కొత్త లీగ్‌లో ఆడనివ్వకుండా ఆపాలని పాత క్లబ్బు వేసిన దావాలో, 1890 జనవరిలో న్యూయార్క్ కోర్టు అందుకు ఒప్పుకోలేదు. ఏడు నగరాల్లో రెండు లీగుల జట్లూ పోటీపడ్డాయి. ఆటగాళ్లు వెళ్లిపోయిన పిట్స్‌బర్గ్ పాత జట్టు 23 ఆటలు గెలిచి 113 ఓడింది. ప్లేయర్స్ లీగ్‌లో కింగ్ కెల్లీ నాయకత్వాన బోస్టన్ 81 విజయాలు, 48 ఓటములతో ప్రథమ స్థానం పొందింది. వార్డ్ నడిపిన బ్రూక్లిన్‌ది రెండో స్థానం. ప్రేక్షకులు చీలిపోవడంతో రెండు పక్షాలూ నష్టపోయాయి.

ముగింపు: సీజన్ అయ్యాక పెట్టుబడిదారులు నేషనల్ లీగ్‌తో రాజీకి దిగారు. ఆ చర్చల్లో ఆటగాళ్ల ప్రతినిధులను కూర్చోనివ్వలేదు. లీగ్ మూతపడింది. ఆటగాళ్లు పాత షరతులకే తిరిగి వెళ్లారు. రిజర్వ్ నిబంధన పట్టు సడలింది 1975లో, ఒక మధ్యవర్తి తీర్పుతో.

మండలిలో ఇరుపక్షాలకూ సమాన ఓట్లే ఉన్నాయి. కానీ పెట్టిన డబ్బు ఎక్కువగా ఒక పక్షానిదే. నష్టం వచ్చినప్పుడు ఆ పక్షం మాటే నెగ్గింది. ఎవరి చందాతో నడుస్తున్నామో ఏ సంఘమైనా ముందే చూసుకోవాలని మా మనవి.