కిలుము

తమిళంలో కళింబు, కన్నడంలో కిలుబు, మనకు కిలుము. రాగి, ఇత్తడి మీద పట్టే పచ్చటి పొర పేరిది. చింతపండుతో తోమెయ్యాల్సిన మురికి. అందుకే వెండి నాణెం నల్లబడినా మన చెయ్యి తోమడానికే పోతుంది. కానీ వెండి మీది పొర గాలిలోని గంధకంతో వచ్చేది: ముందు లేత పసుపు, తర్వాత ఊదా, నీలం, చివరికి నలుపు. దానికి నూజివీడు మామిడి తోటల మాటే నప్పుతుంది: రంగు తిరగడం.

పాడైన లోహానికి విలువేమిటంటారా? పొర ముదిరితే పాడే, ఒప్పుకుంటాను. అయినా తోమితే పొరతోపాటు ముద్ర మీది మెరుగూ పోతుంది. గుడ్డ సంచుల్లో ఏళ్లతరబడి ఉండి రంగులు తేలిన అమెరికా మోర్గాన్ డాలర్లకు (1878–1921) సేకర్తలు ఎక్కువిస్తారు. వెండి బరువును బట్టి కొనే తూకపు నాణేనికి మాత్రం, అలాంటి సేకర్త తగలకపోతే, నగల కొట్టులో వెండి ధరే. మందు పూసి తెప్పించిన రంగంటారా, అది కార్బైడ్ వేసి మగ్గబెట్టిన రసం కాయే.