జెండా దించేవేళ

జెండా ఎగరేసేటప్పుడు ఇంటిల్లిపాదీ హాజరే. దించేవేళకి ఒక్కరూ కనబడరు! పిల్లలు చాక్లెట్లు చప్పరిస్తూ వీధిలోకి పోతారు, శ్రీవారు పేపరులో మునిగిపోతారు. ఆ గుడ్డని తీసి, దులిపి, దాచిపెట్టే పని చివరికి ఇల్లాలిదే.

ఈ పని మన ఇళ్ళల్లోకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఒకప్పుడు మామూలు పౌరులు ఏ ఆగస్టు 15కో, జనవరి 26కో తప్ప జెండా ఎగరేయడానికి వీల్లేదు. నవీన్ జిందాల్ అనే పారిశ్రామికవేత్త తన ఫ్యాక్టరీలో ఎగరేస్తే అధికారులు కూడదన్నారు. ఆయన కోర్టుకెక్కారు. వ్యాజ్యం నడుస్తుండగానే 2002 జనవరి 26 నుంచి కొత్త నియమావళి వచ్చి, ఏడాది పొడుగునా అందరికీ ఆ వీలు కల్పించింది. 2004లో సుప్రీంకోర్టు అది ప్రాథమిక హక్కేనంది. గౌరవం తప్పకుండా ఎగరేస్తేనే సుమా! 2021 డిసెంబరులో పాలిస్టరు జెండాలకీ, 2022 జూలైలో రాత్రిళ్ళు ఉంచడానికీ ఒప్పుకున్నారు.

జెండా అనగానే మనకి 1921 నాటి బెజవాడా, అక్కడ గాంధీగారికి నమూనా అందించిన పింగళి వెంకయ్యగారూ గుర్తుకొస్తారు. రావలసిందే. కానీ 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి సంగతో? రాజ్యాంగసభలో నెహ్రూగారి ప్రసంగం గురించి అందరం చదువుకున్నాం. ఆ రాత్రే హంసా మెహతా లేచి, భారత స్త్రీల తరఫున జాతీయ జెండాని రాజేంద్రప్రసాద్ గారికి సమర్పించారు. సరోజినీదేవి చెయ్యవలసిన పని అది. ఆవిడ సభలో లేకపోవడంతో హంసాగారి వంతైంది. ఆ భవనం మీద ఎగిరే మొదటి జెండా ఆడవాళ్ళ కానుక కావాలని వాళ్ళ కోరిక. కానుక ఇచ్చినవారి జాబితాలో మన దుర్గాబాయి పేరూ ఉంది.

ఆ గౌరవం ఊరికే రాలేదు. అంతకి ఐదేళ్ళ కిందట, 1942 సెప్టెంబరు 29న, బెంగాల్లోని తమ్లుక్‌లో మాతంగినీ హజ్రా అనే డెబ్బై దాటిన పెద్దావిడ జెండా పట్టుకుని ఊరేగింపు ముందు నడిచింది. పోలీసులు కాల్చారు. గుళ్ళు తగిలి ప్రాణం పోతున్నా చేతిలో జెండా వదల్లేదట. జెండా నేలకి తగలకూడదన్న నియమం చదివినప్పుడల్లా నాకు ఆవిడే కళ్ళముందు మెదులుతుంది.

ఇక నియమాలంటారా, మన ఆడవాళ్ళకి అవేం కొత్తకాదు. పట్టుచీర విషయంలో పాటించే శ్రద్ధే! జెండా చకచకా ఎగరేయాలి, దించేటప్పుడు నెమ్మదిగా దించాలి. గోడకి నిలువుగా కడితే కాషాయం చూసేవారికి ఎడమపక్కన ఉండాలి (ఇది చాలామంది తారుమారు చేస్తారు). కుట్టుపని వచ్చిన అమ్మాయిలు సరదాపడి దిండు గలీబుల మీదా, చేతిరుమాళ్ళ మీదా జెండా కుట్టకూడదు; 1971 నాటి చట్టం కింద అది అవమానమే, మూడేళ్ళ దాకా జైలు.

మడతకీ ఓ పద్ధతుంది. కాషాయం, ఆకుపచ్చ పట్టీలని తెలుపు కిందికి మడవాలి. తర్వాత రెండు కొసలూ లోపలికి మడిస్తే అశోకచక్రం పైకి కనిపిస్తూ ఉంటుంది. దాన్ని అరచేతుల మీద తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకోవడమే.

చిరిగిందా, వెలిసిందా, మరి ఎగరేయకూడదు. పాత గుడ్డే కదా అని స్టవ్వు తుడవడానికి తీశారో, అంతకన్నా అపచారం లేదు! ముక్కలు చెయ్యకుండా, పదిమందీ చూసేచోట కాకుండా, మొత్తంగా అగ్నికి అప్పగించడం మేలని నియమావళి చెబుతోంది. పిల్లలు పారేసిన కాగితం జెండాలనీ అలాగే నలుగురి కాళ్ళకిందా పడకుండా ఏరి తెచ్చి, గుట్టుగా సాగనంపాలి.