చిత్రమునకు వెల: లేపాక్షి మొదలు బెంగళూరు వఱకు

చిత్రకళను గూర్చి వ్రాయువారు సాధారణముగా రేఖ, వర్ణము, రసము అను మాటలతో ఆరంభింతురు. ఈ వ్యాసము వెల అను మాటతో ఆరంభమగుచున్నది. బొమ్మ వ్రాసినవానికి కూలి యెవ్వరిచ్చిరి, బొమ్మ యున్న గోడ యెవ్వరిది, దానిని చూచుటకు హక్కు ఎవ్వరికి కలదు అను ప్రశ్నలు రసచర్చకంటె తక్కువవి కావు. మిట్టేమరి, బాగేపల్లి, చింతామణి ప్రాంతములనుండి బెంగళూరు చేరి స్థిరపడిన మన కుటుంబములకు ఇవి మఱియు దగ్గఱి ప్రశ్నలు. ఏలయన మన యూళ్లకు పడమట ఒక గొప్ప చిత్రశాల కలదు. దక్షిణమున మఱికొన్ని కలవు. మొదటిది లేపాక్షి వీరభద్రాలయము. దక్షిణమున నున్నవి బెంగళూరు నగరములోనివి. మనవారు లేపాక్షికి మ్రొక్కుబడికి పోవుదురు, బెంగళూరికి బ్రతుకుతెరువునకు పోవుదురు. లేపాక్షిలో తల పైకెత్తి బొమ్మలను చూడని భక్తుడు లేడు. బెంగళూరులో చిత్రశాల మెట్లెక్కినవారు మాత్రము మనలో కొద్దిమంది.

లేపాక్షి ఆలయము విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) పెంపొందినది. దీనికి ధనమును శ్రమను సమకూర్చినవారు విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు. వీరు నంది లక్కిసెట్టి కుమారులు. పేరునుబట్టి చూడగా వర్తక కుటుంబమని తోచును. విరూపణ్ణ పెనుగొండ సీమలో ప్రభువుల కొలువున నుండినవాడు. మండపముల కప్పులమీద పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, దూడకు న్యాయము చేసిన మనునీతి చోళుని కథ వరుసగా చిత్రింపబడినవి. సున్నపు గచ్చుమీద ఎఱుపు, పసుపు, నలుపు, పచ్చ వంటి కొద్ది రంగులతోనే ఇంతటి పని జరిగినది. నన్ను అన్నిటికంటె ఆకర్షించునవి స్త్రీల చీరలు. అంచులు, గళ్లు, పువ్వులు, హంసలు ఒకదానిని పోలినది మఱియొకటి లేదు. నేతగాని యంగడిని ఎరుగని చిత్రకారుడు అట్టి చీరలను వ్రాయజాలడు. ఆనాటి వర్తకము ఆ కప్పుమీద ఇంకను నిలిచియున్నది.

ఆ బొమ్మలలోనే పొడుగాటి కుళ్లాయిలు ధరించి పరివారముతో చేతులు జోడించి నిలిచిన దాతలును కలరు. వారు విరూపణ్ణ, వీరణ్ణలని చెప్పుదురు. డబ్బు పెట్టినవాడు గోడమీదికెక్కుట కొత్త సంగతి కాదన్నమాట.

విరూపణ్ణను గూర్చి మన పల్లెలలో అందఱు ఎఱిగిన కథ యొకటి కలదు. అతడు బొక్కసపు అధికారి. రాజు అనుమతి లేకుండ ఖజానా సొమ్మును ఆలయమునకు వెచ్చించెను. రాజు కన్నులు తీయింపుమని ఆజ్ఞాపించగా, తానే తన కన్నులను పెఱికి గోడకు కొట్టెను. కల్యాణమండపము పూర్తికాకుండ నిలిచిపోవుటకు కారణమిదే యందురు. గోడమీది ఎఱ్ఱని మరకలను ఇప్పటికిని చూపుదురు. లేపాక్షి యను పేరునకు కూడ ఈ కన్నులకథతోనే అర్థము చెప్పువారు కలరు. చరిత్రకారుడు దీనిని జరిగిన సంగతిగా స్వీకరింపజాలడు. కాని జనులు ఇట్టి కథనే యేల నిలుపుకొనిరి అని అతడు అడుగక తప్పదు. నాకు తోచినంతవఱకు ఇది లెక్కల తనిఖీ కథ. ప్రజల పన్నుసొమ్మును రాతికిని రంగునకును ఖర్చు చేయవచ్చునా అను ప్రశ్న ఇందులో గర్భితమై యున్నది. రాజు పక్షమున న్యాయము లేకపోలేదు. అనుమతి లేని ఖర్చు దోషమే. అయినను పల్లె ప్రజలు రాజు పేరును మఱచి, బొక్కసపు అధికారిని తలచుచున్నారు. చెఱువులు తఱచు ఎండిపోవు సీమలో, వానకై ఎదురుచూచు రైతులు ఈ తీర్పు చెప్పిరి. కరవు ప్రాంతమునకు చిత్రకళ యేల యని నేడు నగరములో ప్రశ్నించువారు దీనిని గమనింపవలెను. ఆలయము కట్టిననాడు రాళ్లు కొట్టువానికి, సున్నము కాల్చువానికి, గానుగ త్రిప్పువానికి కూలి దొరికినది. ఆ వెచ్చమంతయు గాలిలో కలిసిపోలేదు.

సామ్రాజ్యము పోయినది, పాళెగాండ్రు వచ్చిరి. బాగేపల్లి సీమలో గుమ్మనాయకనపాళ్యపు కోట వారి జ్ఞాపకముగా నిలిచినది. పెద్ద కొలువులు తగ్గిన పిదప ఊరూర తిరుగు కళలే మన ప్రాంతమునకు మిగిలినవి. వానిలో తోలుబొమ్మలాట యొకటి. ధర్మవరము దాపునగల నిమ్మలకుంటలో దళవాయి వంశీయులు దీనిని నిలిపిరి. ఆ కుటుంబములవాడైన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. కాని రాత్రులెల్ల రామాయణము ఆడించు పిలుపులు తగ్గినవి. నేడు ఆ చేతులే మేకతోలుమీద నెమళ్లను, పూలతీగెలను చెక్కి, నగరపు ఇండ్లకు దీపపు గూళ్లను తయారుచేయుచున్నవి. దీనిని చూచి కంట తడిపెట్టువారు కలరు. నాకు సగము దుఃఖము, సగము ఊరట. తోలు వెనుక దీపము మాఱలేదు. కథ మాత్రము పోయినది. రాముడు లేని దీపమును కొన్న బెంగళూరు గృహస్థుని నిందించి ప్రయోజనము లేదు. అతడు కొనకున్నచో ఉలియు మూలబడెడిది.

ఇక నగరమునకు వత్తము. బెంగళూరులో కస్తూర్బా రోడ్డుమీద రెండు భవనములు పక్కపక్కనే కలవు. ఒకటి విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక వస్తుప్రదర్శనశాల. మఱియొకటి వెంకటప్ప చిత్రశాల. పిల్లలను తీసికొని మొదటిదానికి పోవని కుటుంబము మనలో లేదు. విమానమును, ఆవిరియంత్రమును చూచి, తినుబండారములు కొనుక్కొని తిరిగివత్తురు. పక్కనున్న చిత్రశాల వారి కంటబడదు.

ఈ రెండు పేర్లు ఒకే సంస్థానపు రెండు ఆలోచనలను తెలుపుచున్నవి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు మన చిక్కబళ్లాపురము దాపునగల ముద్దేనహళ్లిలో జన్మించిరి. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వచ్చిన తెలుగువారు. 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగా నుండి 1913లో మైసూరు బ్యాంకును, 1916లో విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ అవసరమని ఒక గ్రంథమునే ప్రకటించిరి. పరిశ్రమలు లేని జాతి నిలువదని వారి దృఢవిశ్వాసము. ఉత్పత్తి, ఆదాయము, నైపుణ్యము అను కొలతలతో దేశమును కొలిచిన మేధావి వారు. ఆ కొలతలలో చిత్రకారునికి చోటెక్కడ అని వెదకినచో, చేతిపనుల శిక్షణలోనే తప్ప విడిగా కనబడదు. దీనిని లోపమని నేననను. ఆకలి తీర్పవలసిన కాలపు ఆలోచన అది.

కె. వెంకటప్ప గారు (1886-1965) వేఱొక దారి త్రొక్కిరి. మైసూరు ఆస్థాన చిత్రకారుల వంశమున పుట్టి, నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆదరమున కలకత్తాకు పోయి అవనీంద్రనాథ ఠాకూరు వద్ద శిక్షణ పొందిరి. నీలగిరుల పొగమంచును నీటిరంగులలో వ్రాసిరి. వీణ శేషణ్ణ గారి వద్ద వీణయు నేర్చిరి. రాజు 1940లో గతించిన పిదప, చేసిన పనికి రావలసిన ప్రతిఫలము విషయమై అరమనతో వారికి తగవు కలిగి, న్యాయస్థానము వఱకు పోయినది. లేపాక్షిలో రాజు బొక్కసపు అధికారిని లెక్క అడిగెనని కథ. మైసూరులో చిత్రకారుడే ప్రభువును లెక్క అడిగెను. నాలుగు శతాబ్దులలో కళాకారుని నిలకడ ఎంత మాఱినదో దీనివలన తెలియును. కొలువు వానిని పోషించుట మానినది. కొనువారి గుంపు ఇంకను పుట్టలేదు. ఆ నడిమి ఇఱుకులో వెంకటప్ప గారు జీవించిరి. వారి మరణానంతరము వారి చిత్రములు ప్రజల సొత్తై, వారి పేరిటి చిత్రశాలయందు నెలకొన్నవి.

ఆ చిత్రశాలలో వెంకటప్ప గారి చిత్రములే గాక, కొత్త చిత్రకారులు స్వల్పమైన అద్దెకు తమ ప్రదర్శనలు ఏర్పఱచుకొను వసతియు ఉండెను. సొంత డబ్బు లేని విద్యార్థి, పల్లెనుండి వచ్చిన యువకుడు, ధనికులతో పరిచయము లేనివాడు నగరమధ్యమున తన బొమ్మను వ్రేలాడదీయుటకు ఇదే దారి. 2015లో ప్రభుత్వము ఈ చిత్రశాలను దత్తతకిచ్చు పద్ధతిపై ఒక ప్రైవేటు కళాప్రతిష్ఠానమునకు అప్పగింప తలపెట్టెను. 2016లో నగరపు చిత్రకారులు వీధికి వచ్చి ఎదిరించిరి. అప్పగింత జరుగలేదు. ఆ ప్రతిష్ఠానము వెనుకనున్నవారు అదే రోడ్డుమీద సొంత స్థలములో భవనము కట్టి, 2023 ఫిబ్రవరిలో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ అను పేర తెఱచిరి.

ఈ తగవులో ఎవ్వరిది న్యాయము? పత్రికలలో ఇరుపక్షముల వాదములు వెలువడినవి. ప్రైవేటు చేతులలో భవనము శుభ్రముగా నుండును, చిత్రములకు తగిన రక్షణ లభించును అని యొకరు. ప్రజల స్థలము ప్రజలకే యుండవలెను అని మఱియొకరు. ప్రభుత్వ నిర్వహణలోని అశ్రద్ధ కాదనరానిది. తేమపట్టిన గోడ ప్రజాస్వామ్యమునకు గుర్తు కాదు. అయినను నేను చిత్రకారుల పక్షమే. కొత్త భవనము రావలెను, వచ్చినది, నగరమునకు లాభమే. పాతదానిని మ్రింగి రాకుండుటయే మేలైనది. బాగేపల్లి కళాశాలలో చదివిన పిల్లవాడు రేపు తన పది చిత్రములను చంకబెట్టుకొని బస్సు దిగినచో, మొదట అడుగునది అద్దె యెంతయనియే.

ప్రభుత్వము, ధనికుడు అను రెండు దారులే కాక మూడవది యొకటి నగరము కనుగొన్నది. 1960లో స్థాపింపబడిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఇరువది యేండ్లకు పైగా కుమారకృపా రోడ్డుమీద ఏటేట జనవరిలో చిత్రసంతను జరుపుచున్నది. సంత! ఈ మాట కన్నడమునను తెలుగునను ఒకటే. మన పల్లెవారికి వివరింప బనిలేదు. ఆ దినమున రోడ్డు పొడవునను చెట్లక్రింద, గోడలకు ఆనించి చిత్రములు పరతురు. కొందఱు విమర్శకులు దీనిని చులకన చేయుదురు. బొమ్మలను టమాటాలవలె అమ్ముటయా యని. చింతామణి తాలూకా కైవారపు తాతయ్య గాజులు అమ్ముచు తిరిగినవాడని, ఆయనయే తెలుగున కన్నడమున తత్త్వములు పాడినవాడని మనవారందఱు ఎఱుగుదురు. వర్తకమును కళను పగవారిగా చూచుట మన సీమ అలవాటు కాదు. సంతలో నాసిరకపు సరుకును ఉండును. ఏరుకొనుట కొనువాని పని.

వెల తగ్గించు మార్గమును చిత్రకళలోనే కనుగొన్న తెలుగువాడు ఒకడు మన పొరుగుననే పుట్టెను. చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనమున చదివి, లండనుకు, పిదప పారిస్‌కు పోయి, అటెలియే 17 అను ముద్రణశాలలో పనిచేసెను. చిక్కదనములో తేడాగల సిరాలను, గట్టివి మెత్తనివి అగు రోలర్లతో ఒకే లోహపు పలకమీద పఱచి, ఒక్క అచ్చుతో పలురంగుల చిత్రమును తీయు పద్ధతిని అచట సహచరులతో కలిసి పెంపొందించెను. అంతకుముందు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక కావలసియుండెడిది. జిడ్డు ఎక్కువైన పలుచని సిరా చిక్కని సిరాను చేర్చుకొనదు; ఈ చిన్న సంగతియే మూలము. నూనె పిండువానికి తెలిసిన సత్యమది. 1968లో పారిస్ వీధులలో విద్యార్థులు లేచినప్పుడు, ఆ జనసందోహము ఆయన అచ్చులలోనికి వచ్చినది. 1972లో పద్మశ్రీ పొంది, 2018లో న్యూయార్కున గతించెను. అచ్చుచిత్రము ఒక్కటి కాదు. పలు ప్రతులు కలవు, ప్రతిదానిమీద చిత్రకారుని చేవ్రాలు కలదు. కావున ధనికుడు కానివాడును కొనదగిన కళ యిది. ప్రసిద్ధుల అచ్చులు నేడు మనకు అందనివే. కాని పరిషత్తులో చదువు విద్యార్థుల అచ్చులు అందును.

చిత్రశాలల గోడలపై మన స్త్రీలు ఎప్పుడో కొలువుదీరిరి. తోట వైకుంఠము గారి చిత్రములలో ఎఱ్ఱచీరలు, పెద్ద బొట్లు. సూర్యాపేటలో 1956లో జన్మించిన రవీందర్ రెడ్డి గారి శిల్పములలో పూలు తుఱిమిన కొప్పులతో, విప్పారిన కన్నులతో మనిషి యెత్తును మించిన శిరస్సులు. మన అవ్వలను పోలిన ఆ ముఖములు సంపన్నుల నడవలలో నిలిచియున్నవి. అవ్వ మనుమలు వానిని ఎఱుగరు.

మన తెలుగు సమాజముల జమాఖర్చు పుస్తకములు తిరుగవేసినచో శాలువాలకు, పూలదండలకు, వేదిక అలంకారమునకు వ్రాసిన పద్దులు ఏటేట కనబడును. చిత్రము కొన్న పద్దు కనబడదు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు ఇరువదియేడు యేండ్లకే 1925లో గతింపగా, ఆయన చిత్రములు చెదరిపోకుండ ఆత్మీయులు కాపాడిరి. నేటికిని ఆ యూర చిత్రశాలయందు ఉన్నవి. మన భవనములకును గోడలు కలవు. వానిమీద దాతల ఛాయాచిత్రములు వరుసగా కలవు. వచ్చు జనవరిలో చిత్రసంతకు పదిమంది కలిసి పోయి, ఒక శాలువా ఖర్చుకు వచ్చు అచ్చుచిత్రమునొకదానిని కొని, ఆ ఛాయాచిత్రముల నడుమ వ్రేలాడదీసినచో, దాతలెవ్వరును నొచ్చుకొనరని నమ్ముచున్నాను.