యూనిట్ – 9 : అపరిగ్రహం – వ్రతం నుంచి ఆస్తి ప్రశ్న వరకు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ప్రాచీన భావన: భిక్షువు, గృహస్థు
9.3 దక్షిణాఫ్రికాలో గాంధీ ప్రయోగాలు
9.4 1901 నాటి నగల వివాదం
9.5 ఆశ్రమ నియమం, దాని ఖర్చు
9.6 1921: వస్త్ర దహనం, నగల విరాళం
9.7 ధర్మకర్తృత్వం, పోచంపల్లి
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• అపరిగ్రహం అనే భావన జైన, బౌద్ధ సంప్రదాయాలలో ఏ రూపంలో ఉండేదో చెప్పగలుగుతారు.
• గాంధీ దానిని కుటుంబానికి, ఆశ్రమానికి, జాతీయోద్యమానికి ఎలా అన్వయించారో వివరించగలుగుతారు.
• వస్తువులను వదులుకునే నిర్ణయంలో ఇంటిలోని అధికార సంబంధాల పాత్రను పరిశీలించగలుగుతారు.
• భూదానోద్యమాన్ని అపరిగ్రహ భావన దృష్టితో విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

మీ ఇంటి అటక మీద ఏమేమి ఉన్నాయో ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. వాడని ఇత్తడి బిందెలు, పాత ట్రంకుపెట్టె, ఎవరి పెళ్లిలోనో వచ్చిన స్టీలు సామాను, పనిచేయని మిక్సీ వంటివి చాలా ఇళ్లలో కనిపిస్తాయి. అవసరం లేని వాటిని తీసివేసి తక్కువ వస్తువులతో జీవించాలన్న సలహా ఈ రోజుల్లో తరచుగా వినిపిస్తోంది. దీనిని కొత్త ఆలోచనగా భావించేవారు ఉన్నారు. నిజానికి భారతదేశంలో దీనికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ప్రధానమైన పదం 'అపరిగ్రహం'.

అపరిగ్రహాన్ని సాధారణంగా ఒక వ్యక్తి సద్గుణంగా వర్ణిస్తారు. అయితే ఇంటిలోని వస్తువు అరుదుగా ఒక్కరిదై ఉంటుంది. ఒకరు అనవసరమనుకున్నది మరొకరికి ఆధారం కావచ్చు. అందువల్ల ఈ యూనిట్‌లో ప్రతి సందర్భాన్ని మూడు ప్రశ్నలతో పరిశీలిద్దాం. వదులుకున్నది ఏమిటి? అది ఎవరిది? అది ఎక్కడికి చేరింది? వీటిలో రెండవ ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనదని మీరు గమనిస్తారు.

9.2 ప్రాచీన భావన: భిక్షువు, గృహస్థు

'పరిగ్రహం' అంటే స్వీకరించి తనదిగా ఉంచుకోవడం. అలా చేయకపోవడం అపరిగ్రహం. జైనుల పంచ మహావ్రతాలలో ఇది ఒకటి. పతంజలి యోగసూత్రాలలోని యమాలలో కూడా దీనికి స్థానం ఉంది. బౌద్ధ భిక్షువుకు ఉండదగిన వస్తువులు సంప్రదాయం ప్రకారం ఎనిమిది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీటిని వడకట్టే గుడ్డ.

భిక్షువుకు ఇల్లు లేదు కనుక ఈ లెక్క సులభం. గృహస్థు సంగతి వేరు. జైన సంప్రదాయం గృహస్థుకు పూర్తి త్యాగాన్ని కాక, 'పరిగ్రహ పరిమాణం' అనే అణువ్రతాన్ని సూచించింది. అంటే తన ఆస్తికి తానే ఒక హద్దు పెట్టుకోవడం. ఆ హద్దు పెట్టవలసిన వాటిలో పొలాలు, ఇళ్లు, వెండి బంగారాలు, పశువులు, ధాన్యం, గృహోపకరణాలతో పాటు దాసదాసీలు కూడా ఉన్నారు. ఈ చివరి అంశాన్ని ప్రత్యేకంగా గమనించండి. ఆస్తిని తగ్గించుకోమని చెప్పిన నియమమే కొందరు మనుషులను ఆస్తిగా లెక్కించింది. వ్రతం పట్టేది యజమాని. లెక్కలోకి వచ్చేవారికి ఆ నిర్ణయంలో భాగం లేదు.

9.3 దక్షిణాఫ్రికాలో గాంధీ ప్రయోగాలు

ఆధునిక కాలంలో అపరిగ్రహాన్ని సన్యాసాశ్రమం నుంచి సంసారంలోకి తెచ్చినవారిలో గాంధీ ముఖ్యులు. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా స్థిరపడిన తొలి సంవత్సరాలలో ఆయన ఇల్లు హంగుగానే ఉండేది. తరువాత ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెట్టారు. చాకలి ఖర్చు ఎక్కువవుతోందని ఒక పుస్తకం కొని బట్టలు ఉతకడం నేర్చుకున్నారు. మొదటిసారి తాను గంజి పెట్టిన కాలరుతో కోర్టుకు వెళ్లినప్పుడు గంజి రాలుతుంటే తోటి న్యాయవాదులు నవ్వారని ఆయనే ఆత్మకథలో రాశారు.

1903 ప్రాంతంలో భగవద్గీతను నిశితంగా చదువుతున్నప్పుడు అపరిగ్రహం అనే మాట ఆయనను ఆలోచింపజేసింది. భార్యాబిడ్డలు, పుస్తకాల బీరువాలు కూడా పరిగ్రహమేనా అన్న సందేహం కలిగింది. దీనికి సమాధానం ఆయనకు న్యాయశాస్త్రంలో దొరికింది. స్నెల్ రచించిన ఈక్విటీ గ్రంథంలోని 'ధర్మకర్త' భావన ఆయనకు స్ఫురించింది. ధర్మకర్త చేతిలో ఎంత సంపద ఉన్నా అందులో ఒక్క పైసా కూడా తనది కాదు. అపరిగ్రహి ఈ విధంగా ప్రవర్తించాలని గాంధీ నిశ్చయించుకున్నారు. బొంబాయిలో తీసుకున్న పదివేల రూపాయల జీవిత బీమాను వదిలివేశారు. ఇకమీదట తన నుంచి డబ్బు ఆశించవద్దని అన్నకు ఉత్తరం రాశారు.

1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు వెళుతూ రైలులో రస్కిన్ రచన 'అన్‌టు దిస్ లాస్ట్' చదివారు. దాని ప్రభావంతో అదే సంవత్సరం ఫీనిక్స్ ఆశ్రమం ఏర్పడింది. 1910లో హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన సుమారు 1,100 ఎకరాలలో టాల్‌స్టాయ్ ఫారం మొదలైంది. అక్కడ మంచాలు లేవు. అందరూ నేలమీదే పడుకునేవారు. చెప్పులు కుట్టడం, వడ్రంగం వంటి పనులు నివాసులే నేర్చుకుని చేసుకునేవారు.

9.4 1901 నాటి నగల వివాదం

పై ప్రయోగాలకు ముందే జరిగిన ఒక సంఘటనను ఇప్పుడు వివరంగా చూద్దాం. 1901లో గాంధీ కుటుంబం భారతదేశానికి తిరిగి వస్తున్నప్పుడు నేటాల్‌లోని భారతీయులు వీడ్కోలు కానుకలు ఇచ్చారు. వాటిలో బంగారు గొలుసులు, గడియారాలు, వజ్రపుటుంగరాలు ఉన్నాయి. కస్తూరిబాకు ప్రత్యేకంగా ఇచ్చిన యాభై గినీల విలువ గల బంగారు హారం కూడా ఉంది.

ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకోరాదని గాంధీ భావించారు. రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించి, కానుకలన్నిటినీ సమాజం కోసం ధర్మనిధిగా అప్పగిస్తూ పత్రం రాశారు. పార్సీ రుస్తుంజీ మొదలైనవారిని ధర్మకర్తలుగా పేర్కొన్నారు. కుటుంబాన్ని సంప్రదించినది మరునాటి ఉదయం. అంటే నిర్ణయం ముందు, సంప్రదింపు తరువాత. పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు. కస్తూరిబా ఒప్పుకోలేదు.

ఆమె వాదనలోని అంశాలను క్రమంగా చూడండి. మొదటిది, రేపు ఇంటికి వచ్చే కోడళ్లకు నగలు అవసరమవుతాయి. రెండవది, తన ఒంటిమీది నగలను ఆయన ఇదివరకే తీయించారు, అటువంటి వ్యక్తి కోడళ్లకు కొనిపెడతారన్న నమ్మకం లేదు. మూడవది, హారం తనకు ఇచ్చినది, దానిపై భర్తకు ఏ హక్కు ఉంది? హారం వచ్చినది నీ సేవకా, నా సేవకా అని గాంధీ ఎదురు ప్రశ్న వేశారు. ఆయన చేసిన సేవ తాను చేసినట్టే అని ఆమె బదులు చెప్పారు. ఆయన తెచ్చిన అతిథులందరికీ రాత్రింబవళ్లు చాకిరీ చేసినది తానేనని, అది సేవ కాదా అని అడిగారు.

ఆ మాటలు తనకు గుచ్చుకున్నాయని గాంధీ అంగీకరించారు. అయినా ఎలాగో ఆమె సమ్మతిని పొంది నగలను బ్యాంకులో ఉంచారు. ఆ నిధి ప్రజాకార్యాలకు ఉపయోగపడింది.

కస్తూరిబా వాదనను బంగారంపై మోజుగా భావిస్తే చరిత్రను సరిగా అర్థం చేసుకోలేము. ఆనాటి హిందూ స్త్రీకి తనదని చెప్పుకోదగిన ఆస్తి ప్రధానంగా స్త్రీధనమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ముందు తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా లేదు. కష్టకాలంలో తాకట్టు పెట్టడానికైనా, అమ్ముకోవడానికైనా ఆమె చేతిలో ఉండేది నగ ఒక్కటే. సంపాదించగల భర్తకు భారంగా తోచిన వస్తువు, సంపాదన లేని భార్యకు భద్రత అయింది.

మరొక విషయం గుర్తుంచుకోండి. కస్తూరిబా ఆత్మకథ రాయలేదు. ఆమె వాదన మనకు చేరినది గాంధీ రచన ద్వారానే. తనకు వ్యతిరేకంగా ఉన్న వాదనను ఆయన అంత బలంగా నమోదు చేయడం విశేషం. అయితే ఆమె కూడా కాలక్రమంలో ఆ నిర్ణయంలోని వివేకాన్ని గ్రహించిందన్న మాట కూడా ఆయనదే అని మరువరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. పరిగ్రహ పరిమాణం అంటే ఏమిటి?
2. కస్తూరిబా వాదనలోని మూడు అంశాలను పేర్కొనండి.

9.5 ఆశ్రమ నియమం, దాని ఖర్చు

1915 మే 25న అహ్మదాబాద్ సమీపంలోని కొచరబ్‌లో సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభమైంది. 1917లో సబర్మతీ తీరానికి మారింది. ఆశ్రమ వ్రతాలలో అస్తేయం, అపరిగ్రహం పక్కపక్కనే ఉన్నాయి. ఇందుకు కారణాన్ని గాంధీ 1930లో ఎరవాడ జైలు నుంచి రాసిన లేఖలలో వివరించారు. అవసరం లేని వస్తువును దగ్గర ఉంచుకోవడం కూడా ఒక విధమైన దొంగతనమే అన్నది ఆయన అభిప్రాయం.

ఈ నియమం అందరికీ ఒకే తీరున భారం కాలేదు. తనకు కానుకగా వచ్చిన కొద్దిపాటి సొమ్మును కస్తూరిబా ఆశ్రమ కార్యాలయంలో జమ చేయకుండా ఉంచుకున్నారని గాంధీ 1929లో 'నవజీవన్' పత్రికలో బహిరంగంగా రాశారు. నియమం దృష్టిలో అది తప్పే. కాని జీవితమంతా ఇతరులకు వండి వడ్డించిన స్త్రీకి కొన్ని రూపాయలపై కూడా స్వతంత్రాధికారం లేదన్న విషయం కూడా ఈ సంఘటనలో కనిపిస్తుంది.

ఆశ్రమ నిరాడంబరత దాతలపై కూడా ఆధారపడింది. దళిత కుటుంబాన్ని చేర్చుకున్నందుకు కొచరబ్ ఆశ్రమానికి విరాళాలు ఆగిపోయినప్పుడు ఒక మిల్లు యజమాని 13,000 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. ఆయన అంబాలాల్ సారాభాయి అని చరిత్రకారులు గుర్తించారు. 1936లో సేవాగ్రామ్ రూపుదిద్దుకోవడానికి జమ్నాలాల్ బజాజ్ తోడ్పడ్డారు. వస్తువులు తక్కువగా ఉన్నంత మాత్రాన ఖర్చు లేదని అనుకోరాదు. ఆ ఖర్చును ఎవరు భరిస్తున్నారో పరిశీలించాలి.

9.6 1921: వస్త్ర దహనం, నగల విరాళం

1921లో అపరిగ్రహం ఆశ్రమం దాటి ప్రజల మధ్యకు వచ్చింది. ఆ సంవత్సరం జూలై 31న బొంబాయిలోని పరేల్‌లో విదేశీ వస్త్రాలను రాశిగా పోసి దహనం చేశారు. సి.ఎఫ్. ఆండ్రూస్ దీనికి బాధపడి, కాల్చడం కన్నా పేదలకు ఇవ్వడం మేలు కాదా అని అడిగారు. మనం కట్టుకోవడానికి తగవని పారవేసిన వాటిని పేదలకు ఇవ్వడం వారి ఆత్మగౌరవాన్ని కించపరచడమేనని గాంధీ సమాధానం. రవీంద్రనాథ్ టాగూర్ మరొక కోణాన్ని చూపారు. ఒంటిమీద బట్ట లేనివారున్న దేశంలో ఆ బట్టలు కాల్చేవారివి కావని, అవసరమున్నవారివని ఆయన వాదించారు. 'అది ఎవరిది?' అన్న ప్రశ్న ఇక్కడ ఇల్లు దాటి దేశం ముందుకు వచ్చింది. ఖద్దరు కొనలేని పేదల స్థితిని గమనించిన గాంధీ సెప్టెంబరు 22న మదురైలో కొల్లాయి ధరించారు.

అంతకుముందు మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ విజయవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యాలుగా నిర్ణయించారు. ఆ సందర్భంగా గాంధీ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించినప్పుడు స్త్రీలు ఒంటిమీది నగలను తీసి ఇచ్చారు. మాగంటి అన్నపూర్ణాదేవి తన ఆభరణాలను సమర్పించారు. కాకినాడలో బాలిక దుర్గాబాయి తన చేతి గాజులను ఇచ్చారు. నెల్లూరు సమీపంలోని పల్లిపాడులో పొణకా కనకమ్మ ఇచ్చిన భూమిలో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఏర్పడింది.

1901తో దీనిని పోల్చి చూడండి. ఇచ్చినవి రెండు చోట్లా నగలే. 1901లో నిర్ణయం భర్తది. 1921లో చాలామంది స్త్రీలు తమ చేతులతో తామే తీసి ఇచ్చారు. కొందరికి అది రాజకీయ జీవితానికి తొలి మెట్టు అయింది. దుర్గాబాయి తరువాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. తనదని చెప్పుకోగల వస్తువును తానే ఇవ్వగలిగినప్పుడు, ఆ ఇవ్వడమే ఆమె హక్కుకు గుర్తింపు అయింది.

9.7 ధర్మకర్తృత్వం, పోచంపల్లి

ధనవంతులు తమ సంపదకు యజమానులుగా కాక ధర్మకర్తలుగా ఉండాలని గాంధీ ప్రబోధించారు. ఈ భావనకు పెద్ద పరీక్ష తెలంగాణలో ఎదురైంది. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ రైతాంగ పోరాటంలో సుమారు మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంచినట్లు ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పేర్కొన్నారు. దున్నేవారికి భూమి హక్కు అని, అది దయతో ఇచ్చేది కాదని ఆ పోరాటం ప్రకటించింది.

1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ సమీపంలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దాని తరువాత వినోబా భావే నల్లగొండ ప్రాంతంలో పాదయాత్ర చేశారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు తమకు 80 ఎకరాలు కావాలని కోరారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమం ఈ విధంగా ప్రారంభమైంది. ఐదు కోట్ల ఎకరాల లక్ష్యానికి దేశవ్యాప్తంగా వాగ్దానం చేసినది 40 లక్షల ఎకరాలకు పైగా మాత్రమే. అందులో చాలా భాగం సాగుకు పనికిరానిది, వివాదాలలో ఉన్నది, లేదా పంపిణీకి నోచుకోనిది.

ఈ ఫలితాన్ని మన ప్రశ్నలతో చూస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. ఒత్తిడి లేకుండా భూమిని వదులుకునేవారు ఉన్నారని పోచంపల్లి నిరూపించింది. అయితే ఏ భూమిని, ఎంత ఇవ్వాలో నిర్ణయించే అధికారం భూస్వామి చేతిలోనే మిగిలింది. అటకమీద పనికిరాని సామాను పక్కింటివారికి ఇచ్చినట్టుగా, కొందరు రాళ్ల నేలను దానమిచ్చారు. ఇచ్చేవారికి అవసరం లేనిది తీసుకునేవారికి అవసరమైనదే అయి ఉండాలన్న నియమం లేదు.

కృత్యం: మీ ఇంటిలో ఏడాదిగా వాడని పది వస్తువుల జాబితా రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా అది ఎవరిది, తీసివేయాలని ఎవరు అంటున్నారు, తీసివేస్తే ఎక్కడికి చేరుతుంది అన్నవి నమోదు చేయండి. ఇంటిలోని పెద్దవారిని అడిగిన తరువాత జాబితాలో ఏమైనా మార్పు వచ్చిందా? మీ అధ్యయన కేంద్రంలోని తోటి విద్యార్థులతో చర్చించండి.

9.8 సారాంశం

అపరిగ్రహం భిక్షువు వ్రతంగా మొదలై, గృహస్థుకు పరిమితిగా, గాంధీ చేతిలో ధర్మకర్తృత్వంగా, 1921లో రాజకీయ కార్యక్రమంగా, 1951లో భూదానంగా మారింది. ప్రతి దశలోనూ తక్కువతో జీవించాలన్న ఆదర్శం గొప్పదే. కాని తన వస్తువును తాను వదులుకోవడం, ఇతరుల వస్తువును వారి తరఫున వదిలివేయడం ఒకటి కావు. 1901లో కస్తూరిబా అడిగినది ఈ తేడా గురించే. అపరిగ్రహ చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు ఆమె ప్రశ్నను గాంధీ జవాబుతో సమానంగా పరిగణించాలి.

9.9 కీలక పదాలు

అపరిగ్రహం: అవసరానికి మించి స్వీకరించకపోవడం, కూడబెట్టకపోవడం.
అస్తేయం: ఇతరులది అపహరించకపోవడం.
ధర్మకర్తృత్వం: సంపదను సొంతానికి కాక, ఇతరుల మేలు కోసం నిర్వహించడం.
స్త్రీధనం: పుట్టింటి నుంచి, అత్తింటి నుంచి, బంధువుల నుంచి స్త్రీకి కానుకగా లభించి ఆమెకే చెందే ఆస్తి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1901 నాటి నగల వివాదాన్ని వివరించి, స్త్రీల ఆస్తిహక్కుల నేపథ్యంలో విశ్లేషించండి.
2. ధర్మకర్తృత్వ భావన భూదానోద్యమంలో ఎంతవరకు సఫలమైందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విదేశీ వస్త్ర దహనంపై ఆండ్రూస్, టాగూర్ అభ్యంతరాలు.
2. 1921లో ఆంధ్ర స్త్రీల నగల విరాళం ప్రాధాన్యం.