2,80,428 రూపాయల మందు 8,880 రూపాయలకు ఎలా వచ్చింది?



ప్రాణాధారమైన మందులకు ఇంత ధర ఎందుకని మీరు తరచుగా అడుగుతుంటారు. తయారీకి ఖర్చు ఎక్కువ కాబోలునని అనుకోవడం సహజం. కాని అనేక సందర్భాలలో ధరను నిర్ణయించేది చట్టం. ఇందుకు హైదరాబాదుతో ముడిపడిన చరిత్ర ఒకటి ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం కూడా మన దేశంలో 1911 నాటి పేటెంటు చట్టమే చాలాకాలం కొనసాగింది. మందు మీద పేటెంటు ఉన్న కంపెనీ అనుమతి లేనిదే దానిని ఇక్కడ ఎవరూ తయారు చేయరాదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక దీనిని మార్చమన్నది. తత్ఫలితంగా వచ్చిన 1970 చట్టం, మందుల విషయంలో పదార్థానికి కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటునిచ్చింది. వేరొక పద్ధతి కనుగొన్నవారు అదే మందును చేసి అమ్ముకోవచ్చును. అటువంటి పద్ధతులు వెదకగల రసాయన శాస్త్రజ్ఞులకు మన వద్ద కొదవలేదు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డిగారు హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసినవారే.

ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలకు లోబడి 2005లో పదార్థ పేటెంట్లు తిరిగి వచ్చాయి. అయితే 84వ సెక్షను మిగిలింది. పేటెంటు ఇచ్చి మూడేళ్లు గడిచాక, ఆ మందు ప్రజలకు తగినంతగా అందకపోయినా, ధర అందుబాటులో లేకపోయినా, మన దేశంలో ఆ పేటెంటును వినియోగంలోకి తేకపోయినా, ఇతరులు తయారీకి అనుమతి కోరవచ్చు. దీనినే కంపల్సరీ లైసెన్సు అంటారు.

బేయర్ కంపెనీ వారి సోరాఫెనిబ్ ముదిరిన కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే మాత్ర. నెలకు 120 మాత్రలు. అప్పట్లో దాని ధర 2,80,428 రూపాయలు. ఈ మందు వ్యాధిని నయం చేయదు, సాధారణంగా కొన్ని నెలల ఆయుష్షునిస్తుంది. ఆ కొన్ని నెలల కోసం పొలం అమ్మాలా వద్దా అన్నది ఏ కుటుంబానికీ రాకూడని ప్రశ్న. అమ్మితే పిల్లల భవిష్యత్తు పోతుంది, అమ్మకపోతే జీవితాంతం మనస్సు పొడుస్తుంది. మందుల చీటీ వ్రాసే వైద్యునికి ఈ సంగతి తెలియక కాదు, ధర అతని చేతిలో లేదు.

హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ 84వ సెక్షను కింద దరఖాస్తు చేసింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ తీర్పునిచ్చారు. మూడు కారణాలూ ఇక్కడ వర్తిస్తాయన్నారు. నాట్కో నెల మందును 8,880 రూపాయలకు అమ్మాలి, అంటే మాత్ర 74 రూపాయలు. బేయర్‌కు 6 శాతం రాయల్టీ చెల్లించాలి. ఏటా కనీసం 600 మంది నిరుపేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి. అప్పీలులో రాయల్టీ 7 శాతానికి పెరిగింది, లైసెన్సు మాత్రం నిలిచింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు.

కొత్త మందు కనుగొనడానికి విపరీతమైన ఖర్చవుతుందని, లాభం లేనిదే పరిశోధన సాగదని కంపెనీలు అంటాయి. ఆ వాదనను నేను కొట్టివేయను. అందుకే రాయల్టీ ఉన్నది. కాని కొనగలవారు లేని ధర వల్ల పరిశోధనకు ఒరిగేదేమిటో నాకిప్పటికీ బోధపడదు.

ఆ తరువాత డాసాటినిబ్ అనే రక్త క్యాన్సరు మందు కోసం ఒక కంపెనీ చేసిన దరఖాస్తును 2013లో తిరస్కరించారు. మధుమేహానికి వాడే సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదుకే చెందిన లీ ఫార్మా అడిగినది 2016లో వీగిపోయింది. 84వ సెక్షను చట్టంలో అలాగే ఉన్నది.