గాజు గ్లాసులపై తెల్లటి పొర పోవట్లేదా? సబ్బుతో కాదు.. ఇలా చేయండి!

పాతబస్తీ బార్కస్‌లో చుట్టం వస్తే సులేమానీ చాయ్ పోసేది గాజు గ్లాసులోనే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బ్యారక్‌లే ఈ బార్కస్. పాలు లేని ఆ చాయ్‌కి రంగే అందం. కానీ బోరు నీళ్లతో కడిగే ఇళ్లల్లో గ్లాసు పొగ పట్టినట్టు మసకబారిపోతుంది. ఎంత తోమినా అంతే!

ఎందుకంటే.. అది మురికి కాదు, ఒక రకంగా రాయి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. గ్లాసు మీద నీటి చుక్క ఆరిపోయినా అవి గాజుకే అతుక్కుంటాయి. ఆ పొరలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్.. అంటే సున్నపురాయిలో ఉండేదే. సబ్బుకి అది కరగదు. పైగా ఇలాంటి నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాక, తెట్టులా మారి ఇంకో పొర వేస్తుంది. బీఐఎస్ ప్రమాణాల ప్రకారం తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 600 వరకు ఒప్పుకుంటారు.

ఈ పొర పులుపుకి లొంగుతుంది. తెల్ల వెనిగర్ (పాతబస్తీలో సిర్కా అంటారు), గోరువెచ్చని నీళ్లు సమానంగా కలిపి గ్లాసులను అరగంట నానబెట్టండి. మెత్తటి స్పాంజితో రుద్ది కడిగేయండి. వెనిగర్ వాసన నచ్చదా? కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా చాలు. పిండేసిన నిమ్మచెక్క కూడా పనికొస్తుంది. కాకపోతే కాస్త ఓపిక కావాలి.

బంగారు అంచున్న అరబ్బీ గ్లాసులను మాత్రం నానబెట్టొద్దు, మెరుపు పోతుంది. లోపలి వైపు తుడిస్తే చాలు. రెండుసార్లు నానబెట్టినా మసక తగ్గలేదంటే అది పొర కాదు.. స్టీల్ పీచుతో పడ్డ గీతలో, డిష్‌వాషర్‌లో గాజు అరిగిపోవడమో అయి ఉంటుంది. అది ఇక పోదు.

అసలు డేంజర్ ఇక్కడే.. తొందరగా పోవాలని బాత్రూం యాసిడ్ జోలికి వెళ్లొద్దు. వెనిగర్‌లో బ్లీచింగ్ పౌడర్ అస్సలు కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది. కళ్లు, గొంతు మండుతాయి, ఊపిరాడదు. కిటికీ లేని చిన్న వంటింట్లో అయితే ప్రాణాల మీదకే వస్తుంది. పొరపాటున కలిస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

మళ్లీ పొర పట్టకూడదంటే.. చివరిసారి ఫిల్టర్ నీళ్లతో తొలిచి, బోర్లించకుండా వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి.